అప్పలకొండ అత్తను లేపిన ఆదివారం

ఇందాక పక్క వాటాలో కొత్తగా దిగినవాళ్లు సిమెంటు నేల మీద ఏదో బల్ల లాగారు. ఆ గరగర చెవిన పడగానే, అప్పలకొండ అత్త పిలుస్తోందనుకుని లేచి గుమ్మం దాకా వెళ్లాను. ఆవిడ పోయి చాలా కాలమైంది. మా అబ్బాయి శీనుని పక్కకు తిప్పి పడుకోబెట్టి వచ్చాను గాని, నాకు నిద్ర రావడం లేదు.

హిందీవాళ్ల ఊళ్లో, భాలుబాసా అనే కార్ఖానా పనివాళ్ల పేటలో, మా రెండిళ్లకూ ఒకటే గోడ. చుట్టరికం లేదు, ఇద్దరం శ్రీకాకుళం వైపు వాళ్లం కనుక అత్త అయింది. ఆవిడకు నడివయసులోనే కండరాలు క్షీణించే జబ్బు పట్టుకుంది. కూర్చుంటే తనంతట లేవలేకపోయేది. గుమ్మంలో ఎత్తుపీట మీద కూర్చుని, డ్యూటీ దిగి సైకిళ్ల మీద వెళ్లేవాళ్లలో ఎవరినో ఒకరిని ఆపేది. ఎవరూ కనబడకపోతే పక్కనున్న పీటను నేల మీద గరగరా జరిపి నన్ను పిలిచేది.

"ఒరే బాబూ, సేతులట్టుకు లాగకు, బుజాలూడొచ్చేత్తాయి. సంకల కింద సెయ్యెట్టు. ఆఁ, ఇప్పుడు లేపు."

వింటున్న నాకు సిగ్గేసేది. ఎవరినీ ఏమీ అడగకూడదని పెరిగినదాన్ని.

శీను బడికి వెళ్లే వయసులో మాటిమాటికీ పడిపోవడం మొదలుపెట్టాడు. తొడల మీద చేతులు ఆనించి, తన ఒంటి మీదే ఎగబాకినట్టు లేచేవాడు. దిష్టి అన్నారు, బద్ధకం అన్నారు. చివరికి డాక్టరు ఇదీ కండరాల జబ్బేననీ, తగ్గించే మందు లేదనీ చెప్పాడు. ఒకరోజు వీధిలో పడితే పిల్లలు ప్రేమగానే చేతులు పట్టుకుని లాగారు. భుజం వాచింది. బడి మాన్పించేశాను.

"ఎన్నాళ్లు దాత్తావే ఆడ్ని?" అంది అత్త.

"మళ్లీ పడితే?"

"పడతాడు. నాను పడనేటి? నీకు జొరమొచ్చిన్నాడు ఆడ్నెవులెత్తుతారు?"

ఆ ప్రశ్న నన్ను కుదురుగా కూర్చోనివ్వలేదు. అన్నం వారుస్తున్నా అదే, బట్టలు ఆరేస్తున్నా అదే.

ఆదివారం ఆవిడ వీధి పిల్లలందర్నీ పిలిచింది. నా చేత తనను నేల మీద కూర్చోబెట్టించుకుంది. శీనుని కుర్చీలో కూర్చోబెట్టించి, "నువ్వు మేస్త్రీవిరా. ఈళ్ల సేత నన్ను లేపించు," అంది.

కార్ఖానాలో బరువులెత్తేటప్పుడు వాళ్ల నాన్నలు వేసే కేక పిల్లలు అందుకున్నారు. "జోర్ లగా కే!" "హైషా!"

చేతులు పట్టి లాగేసరికి అత్త పక్కకు ఒరిగిపోయింది. నేను పరుగెత్తబోయాను.

"నువ్వుండే!" అని కసిరింది.

"హాథ్ మత్ ఖీంచో!" శీను అరిచాడు. "చేతులు కాదు, చంకలు!"

మళ్లీ కేక. ఈసారి అత్త నిలబడింది, ఆయాసంతో, నవ్వుతో. "నా పెళ్లిలో కూడా ఇంత సందడి లేదురా!"

మర్నాడు శీను వాళ్లతో బడికి బయలుదేరాడు. నేను వెనకే నడిచాను. సందు మలుపులో వాడు తిరిగి చూసి, "అమ్మా, ఘర్ జావో, ఇంటికెళ్లు," అన్నాడు. వచ్చేశాను గాని, బడి వదిలేదాకా గుమ్మానికీ పొయ్యికీ మధ్య తిరుగుతూనే ఉన్నాను.

ఆ తిరగడం ఇంకా ఆగలేదు. శీను ఇప్పుడు నడవలేడు. రేపటి సంగతి తలుచుకుంటే భయమే. అయినా ఇంటికి కొత్తగా ఎవరొచ్చినా, వాడిని ఎక్కడ పట్టుకుని ఎత్తాలో చెబుతాను. "ఒకసారి ఎత్తి చూడండి," అంటాను. వాళ్లు వంగినప్పుడు, ముందుకు దూకబోయే నా చేతుల్ని వెనక్కి కట్టుకుని నిలబడతాను.