ఏడ బోర్ కొట్టింది?

అన్న పోయారని పొద్దున్నే టీం గ్రూపులో వచ్చింది. నిద్రలోనే గుండె ఆగిపోయిందట. కొత్తగూడ జంక్షన్‌లో మా క్యాబ్ కదలడం లేదు, వెనక బండ్లు హారన్లు మోగిస్తున్నాయి, నేను ఆ మెసేజ్‌నే మళ్లీ మళ్లీ చదువుతున్నాను. నిన్న మధ్యాహ్నమే అదే గ్రూపులో కొత్త థ్రిల్లర్ గురించి "ఎవ్వలు కథ చెప్పొద్దు. చెప్పినోళ్లకు చాయ్ బంద్" అని బెదిరించిన మనిషి.

అన్న అంటే రక్తసంబంధం కాదు. హైటెక్ సిటీలో నా మొదటి ఉద్యోగంలో మా టెస్టింగ్ టీంకి పెద్ద. వేరేవాళ్లు రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు వెతకడం మా పని. సార్ అంటే పలికేవారు కాదు.

ఆయనకి సస్పెన్స్ సినిమాల పిచ్చి. కొత్తది వస్తే శుక్రవారం సాయంత్రం టీం మొత్తాన్నీ లాక్కెళ్లేవారు. పాట వస్తే లేచి బయటికి పోయేవారు. మధ్యలో ఎవరైనా ఫోన్ తీస్తే చూపుతోనే చంపేసేవారు. సినిమా అయ్యాక ఆఫీసు వెనక సందులో, చాయ్ బండి దగ్గర పంచాయితీ. అక్కడ ఆయనదొకటే పద్ధతి. అందరికన్నా కొత్తవాళ్లు ముందు మాట్లాడాలి, ఆయన ఆఖర్న. అంతదాకా నోరు జారకుండా గ్లాసు పెదాలకి ఆనించుకుని నిలబడేవారు. చాయ్ చల్లారి మీగడ కట్టేది, దాన్నే తాగేవారు.

ఏళ్ల కిందట, నేను కడప నుంచి వచ్చిన కొత్త. ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు, మాట తేడా వస్తే ఇంటికి పంపేస్తారని భయం. ఒక శుక్రవారం మా మేనేజర్ కూడా వచ్చారు. చాయ్ అందకముందే "అదిరిపోయిందండీ!" అనేశారు. అందరూ తలలూపారు. అన్న మాత్రం నా వైపు తిరిగారు.

"నువ్వు చెప్పు. నీకెట్లున్నది?"

"బోర్ కొట్టిందన్నా" అన్నాను. అని నాలుక కరుచుకున్నాను.

"థ్రిల్లర్‌లో బోరేంటండీ!" అని మేనేజర్ నవ్వారు. మిగతావాళ్లూ నవ్వారు. అన్న నవ్వలేదు.

"ఏడ కొట్టింది?"

"ఆ హీరోయిన్ యమ్మి ఖాళీ ఇంట్లో ఒక్కో తలుపూ తీస్తా పోతాది కదన్నా, ఆడ. వెనకాల ఏమీ లేదని ముందే తెలిసిపాయ."

"నాకు గాడనే పానం గుంజింది. గదే సీను, నీకు ఆవులింత, నాకు చెమట. ఇద్దరం నిజమే చెప్తున్నం" అన్నారు. ఇంక ఎవరూ నవ్వలేదు.

ఆఫీసులోనూ అదే పద్ధతి. దవాఖానాల అపాయింట్‌మెంట్ల యాప్ ఒకటి జనంలోకి వెళ్లే ముందు మీటింగులో అందరూ అంతా బాగుందన్నారు. అన్న ముందుగా అడిగింది నన్నే. రద్దయిన అపాయింట్‌మెంట్ టైము ఒకేసారి ఇద్దరికి పోతోందేమోనని అనుమానం చెప్పాను. ఆయన విడుదల ఆపేశారు. శని, ఆదివారాలు తవ్వి చూస్తే ఏ తప్పూ లేదు. నా అనుమానం ఉత్తిదే. అద్దాల గదిలో మేనేజర్ చేతులూపుతూ ఆయన్ని తిడుతుంటే బయట నా సీట్లోంచి చూశాను. ఉద్యోగం పోయిందనే అనుకున్నాను.

"ఆపింది నేనని చెప్పిన" అన్నారు అన్న బయటికొచ్చి. నాకు ఏడుపు ఆగలేదు.

"డౌటు తప్పయింది, అయితే అయింది. చెప్పుడు తప్పు గాదు. పో, జర అన్నం తిను."

తర్వాతి మీటింగులో ఏమీ జరగనట్టు మళ్లీ నా వైపే తిరిగారు. ఆ రోజు ఆయన నన్ను వదిలేసి ఉంటే, ఉద్యోగం మిగిలినా నా నోరు మిగిలేది కాదు. ఆ రుణం ఆయనకి చెప్పనేలేదు, చెబితే వెక్కిరిస్తారని.

కర్మలన్నీ అయ్యాక, ఆయన చూడాలనుకున్న ఆ థ్రిల్లర్‌కి అందరం వెళ్లాం. తర్వాత చాయ్ బండి దగ్గరికి చేరాం. చూపులన్నీ నా మీదే. ఇప్పుడు టీంలో పెద్ద నేనే. సినిమా నాకు భలే నచ్చింది, ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. గ్లాసు పెదాలకి ఆనించుకుని, ఈమధ్యే చేరిన అమ్మాయి వైపు తిరిగాను.

"నువ్వు చెప్పమ్మా. నీకెట్లుంది?"

ఆమె అందరి మొహాలూ చూసింది. "బోర్ కొట్టిందక్కా."

"బోరా? ఏంది నువ్వు!" అని పక్కవాడు ఎగిరాడు. చేత్తో ఆపాను.

"ఎక్కడ కొట్టింది?"

ఆమె మొదట నసిగింది, తర్వాత చేతులు తిప్పుతూ అందుకుంది. నా చాయ్ మీద మీగడ కట్టింది.