నాయనా అనే పిల్ల

ఆ ప్రచురణకర్త పేరు తలుచుకుంటేనే నాకు ఒళ్లు మండుతుంది, అందుకే చెప్పను. నంద్యాల బస్టాండుకు దగ్గర్లో మేడ మీద ఆఫీసు. పిల్లల పుస్తకాలు వేస్తాడు. మైకు దొరికితే చాలు, అన్ని కులాల, అన్ని మతాల పిల్లల కథలూ రావాలని ఊదరగొడతాడు.

నేను ఆళ్లగడ్డలో సోషల్ టీచర్ని. పాఠాల్లో రాజులూ యుద్ధాలే తప్ప మా పిల్లల తాతముత్తాతలు ఎక్కడా కనిపించరని విసుగెత్తి, చరిత్ర కథలు రాయడం మొదలుపెట్టాను. అతనికి అచ్చుకిచ్చిన నవల దూదేకుల ఇంటి పిల్లది. నవాబుల కాలంలో తండ్రి వెంట ఊరూరూ తిరుగుతూ దూది ఏకుతుంది. మేమూ దూదేకులవాళ్లమే. నమాజు చదువుతాం, ఇంట్లో తెలుగే మాట్లాడతాం, తండ్రిని నాయనా అంటాం. నా కథలో పిల్ల కూడా అట్లాగే పిలిచింది.

అచ్చుకు ముందు సరిచూడమని అతను పంపిన కాగితాల్లో చూస్తే, నాయనా అన్న ప్రతిచోటా అబ్బాజాన్ అని ఉంది. ఆ పూటే బస్సెక్కి నంద్యాల వెళ్లాను.

“సాయిబుల పిల్ల నాయనా అంటే ఎవురు నమ్ముతారు మేడం?” అన్నాడు, ఫోన్లోంచి తల ఎత్తకుండా.

“మా ఇంట్లో అట్లే అంటాం సార్. నేనూ అట్లే అంటాండా.”

“మీరు సదువుకున్నోళ్లు, మీది వేరే. సదివే పిల్లోళ్లకు ముస్లిముల ఇల్లని తెలియాల గదా.”

చదువుకున్నందుకు నాయనా అంటున్నామట! మా తాతకు వేలిముద్ర తప్ప రాదు. ఆయన వాళ్ల నాయనను ఏమని పిలిచేవాడో ఈ మహానుభావుడిని అడిగి తెలుసుకోవాలన్నమాట. నేను గొంతు పెంచాను. ఆఫీసులో వాళ్లంతా పని ఆపి చూశారు. చివరికి “సరే, మార్పిస్తాలే, పోండి మేడం” అన్నాడు. నేను నమ్మాను.

పుస్తకాల కట్ట నేరుగా బడికి చేరింది. హెడ్మాస్టరు సంబరపడిపోయి, నాకు చూపించకుండానే ఎనిమిదో తరగతికి పంచేశాడు. తెరిస్తే మొదటి పేజీలోనే అబ్బాజాన్. ఫోన్ చేసి అడిగాను.

“మర్సిపోయినాం మేడం. మళ్లీ అచ్చేసేటప్పుడు సూద్దాం.”

నేను తిట్టిన తిట్లు టీచర్లు రాయదగ్గవి కావు. అవి వాడికి సరిపోనూ లేదు.

ఆ కోపంతోనే క్లాసుకు పోయి కథ పైకి చదివాను. అచ్చులో ఏమున్నా సరే, నాయనా అనే చదివాను. ముందు బెంచీలో ఒక పిల్ల లేచింది. అదీ మావాళ్ల పిల్లే, వాళ్ల నాయన పరుపులు కుడతాడు.

“మేడం, తప్పు సదువుతాండారు. ఈడ అబ్బాజాన్ అని ఉండాది.”

“మరి మీ ఇంట్లో ఏమంటావ్?” అని ఆశగా అడిగాను. క్లాసంతా వినాలని నా ఉద్దేశం.

ఆ పిల్ల తల దించుకుంది.

“నాయనా అంటా మేడం. తెలీక అంటాండాం. ఇంగ అననులే.”