మల్కాపురంలో నాగపూర్ గాలి

చల్లదనం కోసం కొండలెక్కినవాళ్లని మీరు చూసుంటారు. చల్లదనం కోసం కట్టుకున్న పెళ్లాన్నీ, రెండు నెలల పిల్లనీ, పిల్లనిచ్చిన అత్తనీ, పనిలో పైవాడినీ ఒకే గదిలో పెట్టి ఉడకబెట్టినవాణ్ణి చూడలేదు కదా? ఇదిగో, తీరిగ్గా చూసుకోండి. నేనే.

డెబ్బైల చివరి మాట. నాకప్పుడు ఇరవై ఆరేళ్లు. ఓడలాగే డాకు దగ్గర ఒక వర్కుషాపులో ఫిట్టరుని. మల్కాపురంలో ఒక గది, ఒక వంటిల్లు, పైన సిమెంటు రేకులు. మే నెలలో ఆ రేకుల కింద కూర్చుంటే పెనం కింద కూర్చున్నట్టే. అట్టు పైన కాలాలి గానీ మా ఇంట్లో కింద కాలేది.

మా ఆవిడ సత్యవతి నా మేనత్త కూతురే. మేనత్త నూకాలమ్మది కొండకి అవతల, సముద్రపొడ్డునున్న యారాడ. మా తాతల కాలం నుంచీ సముద్రాన్ని నమ్ముకున్న కుటుంబం. నేనొక్కణ్ణే నాలుగక్షరాలు నేర్చి పానా పట్టుకున్నాను. దాంతో సముద్రం వాళ్లకి తెలుసు, తక్కిన లోకమంతా నాకు తెలుసు అని ఒక నమ్మకం.

ఆ మే నెలలో అత్త మనవరాలిని చూడ్డానికొచ్చింది. పిల్లని చేతుల్లోకి తీసుకోగానే మొహం మారిపోయింది.

"ఏటల్లుడా ఇది? పిల్ల ఒల్లంతా కందిపప్పు సల్లినట్టు సెమటకాయలు! నాను తల్లినీ పిల్లనీ తీసుకెలిపోతాను. వానలు పడ్డాక పంపుతాను."

వానలు పడ్డాకా! పుట్టాక నెలన్నర అత్తగారింట్లోనే ఉండి, నా గుమ్మం తొక్కి పదిహేను రోజులే అయింది ఆ పిల్ల. అప్పుడప్పుడే నన్ను చూసి నవ్వడం నేర్చుకుంటోంది.

"ఒక్క వారం ఆగత్తా. ఆదివారానికల్లా ఈ ఇంటిని ఊటీ సేసేత్తాను."

"ఊటీ ఎందుకులే గానీ, ముందా కిటికీ తీ."

ఆ కిటికీ ముందు నా ఇనప బీరువా ఉండేది. నా మొదటి ఆస్తి. గుమ్మంలోంచి చూసేవాళ్లకి అది కనబడాలంటే ఇంకెక్కడా కుదరలేదు. "కిటికీలూ అవీ పాత పద్ధతులత్తా," అన్నాను.

నా ధైర్యానికి కారణం ఉంది. కిందటేడు ట్రైనింగుకని నెల రోజులు నాగపూర్ పంపారు. బయట కుక్కలు కూడా నీడ వెతుక్కునే ఎండ. లాడ్జిలో అడుగుపెట్టగానే కిటికీకి తగిలించిన ఓ రేకు పెట్టె, లోపల తడిసిన గడ్డి, వెనకాల ఫ్యాను. దాని ముందు నిలబడితే పుష్యమాసం! గుళ్లో నిలబడ్డట్టు చెప్పులు విప్పి మరీ నిలబడ్డాను. ఎండని మింగి చలిని కక్కే పెట్టె! మనిషి ఎంతటివాడు అని ఒళ్లు గగుర్పొడిచింది.

ఇప్పుడా మనిషిని నేనే కావాలి.

పాత ఇనప డ్రమ్ము ఒకటి తెచ్చి పక్కలు కోశాను. తుక్కులో దొరికిన ఎగ్జాస్టు ఫ్యాను బిగించాను. గడ్డి దొరక్క కొబ్బరిపీచు కూరాను. పైన చిల్లుల గొట్టం, దాని మీద బకెట్టు. అంతా కలిపి గది నడుమ నిలబెట్టాను.

"ఏటి బావా ఇది?" అంది సత్యవతి.

"కూలరు. ఏడిగాలిని మింగి సల్లగాలి కక్కుతాది."

"మరి మింగిన ఏడి ఎటెల్తాది?"

"ఆడోల్లకి సెప్పినా తెలవదులే," అన్నాను. జవాబు తెలియనప్పుడు మగవాళ్లు వాడే శాస్త్రం అదొక్కటే.

ఆదివారం పొద్దున్న పదింటికి ప్రారంభోత్సవం. వర్కుషాపులో నా పైవాడు సింహాచలం మేస్త్రీని పిలిచాను. గంజి పెట్టిన తెల్ల చొక్కా వేసుకుని, పెళ్లికొచ్చినట్టొచ్చాడు. చల్లగాలి పారిపోకుండా తలుపు వేశాను. గోడకి పైన, గాలి బయటికి పోయే గూటిలో గోనెపట్టా కుక్కాను. తలుపు సందుల్లో పాత చీరలు దోపాను. కొబ్బరికాయ కొట్టి స్విచ్చేశాను.

డ్రమ్ము ఓడలా కూతపెట్టింది. పీచులోంచి చల్లటి గాలి మొహానికి కొట్టింది.

"అబ్బబ్బా!" మేస్త్రీ కళ్లు మూసుకున్నాడు. "అప్పారావూ, నువ్వు ఫిట్టరువి కావురా, ఇంజినీరువి!"

ఆ మాట నేను సరిగ్గా పది నిమిషాలు అనుభవించాను.

తరవాత మేస్త్రీ చొక్కాలో గంజి చచ్చిపోయింది. పాలల్లో పడ్డ అప్పడంలా ఒంటికి అతుక్కుపోయింది. బీడీ వెలిగించబోతే అయిదు పుల్లలూ మెత్తగా వంగాయి గానీ ఒక్కటీ అంటుకోలేదు. నీళ్లు చాలలేదేమోనని ఇంకో బకెట్టు పోశాను. వంటింట్లోంచి కేక.

"బావా! ఉప్పు జాడీలో నీరొచ్చేసింది!"

ఇంకో బకెట్టు పోశాను. ఈసారి ఉట్టి మీది ఎండుచేపలు తాము ఎండినవన్న సంగతి మరిచిపోయాయి. వాసన మాత్రం సముద్రానికి బయల్దేరినట్టే ఉంది. పిల్ల మొహం ఎర్రగా కందిపోయి గుక్కపట్టింది. సత్యవతి కొంగుతో విసురుతోంది.

"బాబూ," అన్నాడు మేస్త్రీ నీరసంగా, "ఇడ్లీకి ఎలాగుంటాదో నాకీయాల తెలిసింది. తలుపు తీయి."

తీస్తే రావాలి కదా! కొత్త కర్ర తలుపు, తడికి ఉబ్బి బిగుసుకుపోయింది. నేను లాగాను, మేస్త్రీ లాగాడు. మూల కూర్చున్న అత్త లేచి వచ్చి, ముందు స్విచ్చి ఆపింది. తరవాత గడప మీద ఒక కాలు ఆనించి, తెప్ప లాగినట్టు ఒక్క లాగు లాగింది. తలుపొచ్చేసింది. అప్పుడు నవ్వింది. ఉడికినందుకు కాదు, అత్త నవ్వినందుకు ఏడుపొచ్చింది నాకు.

"నాగపూర్లో పనిసేసింది కదత్తా!"

"ఆ ఊరి గాలి ఎండిపోయిన గుడ్డ. నీరెడితే తాగుతాది. మనది ఉప్పుగాలి, ముందే తడిసిపోయుంది. తడిగుడ్డ ఎట్టి తడి తుడుత్తావేటి?"

ఆ ఒక్క మాటకి నా నెల రోజుల ట్రైనింగూ చేతులు కట్టుకుని నిలబడింది.

బీరువా జరిపించింది. కిటికీ తీసింది. గాలి లేదు.

"చూశావా?" అన్నాను ఆశగా.

"తొందరపడక. ఎల్లడానికి దారి నేని ఇంటికి సుట్టమైనా రాడు. గాలెలాగొత్తది?" అంటూ నేను కుక్కిన గోనెపట్టా కర్రతో పొడిచి కింద పడేసింది. చీర అంచులోంచి ఒక దారప్పోగు లాగి కిటికీలో పట్టుకుని నిలబడింది. పోగు నిటారుగా వేలాడుతోంది.

"ఉండు. పొద్దెక్కింది, ఇప్పుడు సముద్రం మీంచి గాలి తిరుగుతాది."

మేస్త్రీ, నేను, ఏడుస్తున్న పిల్లతో సత్యవతి, అందరం ఆ పోగునే చూస్తున్నాం. పోగు కొస సన్నగా కదిలింది. ఆగింది. మళ్లీ లేచింది. లేచి, మెల్లగా వంగి, ఇంటి లోపలికి వేలెత్తి చూపించింది.

గాలి వచ్చింది. సముద్రం మీద పుట్టి, అంత కొండనీ చుట్టి, ఇన్ని పైకప్పులు దాటి, మా మూరెడు కిటికీని వెతుక్కుంటూ వచ్చినట్టు వచ్చింది. గదిలో ఉక్కంతా పై గూటిలోంచి వెళ్లిపోయింది. పిల్ల నుదుటి మీద జుట్టు కదిలింది. ఏడుపు ఆపేసి, కళ్లు పెద్దవి చేసి, ఎవరు ముట్టుకున్నారా అని చుట్టూ చూసింది. నేనూ అలాగే చూశాను. పుట్టిన దగ్గర్నుంచీ ఈ గాలిలోనే బతికాను. అది రావడం మాత్రం ఆ రోజే చూశాను.

మర్నాడు మా బావమరుదులు యారాడ నుంచి పాత తెరచాప ఒకటి మోసుకొచ్చారు. వెదుళ్లు నిలబెట్టి, రేకులకి మూరెడు ఎత్తున దాన్ని కట్టారు. ఎండ చాప మీద, నీడ రేకు మీద, మధ్యలోంచి గాలి. మిట్టమధ్యాహ్నం కింద నుంచి రేకుకి అరచెయ్యి ఆనించాను. కాలలేదు! ఇల్లు సముద్రంలోకి బయల్దేరేలా ఉందని వీధంతా చూడ్డానికొచ్చింది. వారానికి పిల్ల ఒళ్లు నున్నబడింది. తల్లీ పిల్లా నా ఇంట్లోనే ఉండిపోయారు.

వెళ్లే రోజు అడిగాను. "అత్తా, ఈ విద్య నీకెవరు నేర్పినారు?"

"ఇందులో విద్దేటుందల్లుడా? గాలెటొత్తే అటు మొగం ఎడతాం. నువ్వు డ్రమ్ములో ఎట్టినావు. అంతే తేడా."

ఆ సాయంత్రమే సముద్రం వైపు తిరిగి, కుడిచెయ్యెత్తి ప్రమాణం చేశాను. ఈ కట్టెలో ప్రాణముండగా సముద్రపొడ్డున నీళ్లు పోసి గాలిని చల్లబరచబోను. మరీ తప్పదనిపిస్తే మా అత్త చేత కాగితం మీద అనుమతి రాయించుకున్నాకే స్విచ్చి ముట్టుకుంటాను.

అత్తకి రాయడం రాదు. కాబట్టి ప్రమాణానికి ఢోకా లేదు.