సత్యకుమారి చేయించిన సన్మానం

గోదావరి జిల్లాల్లో మనిషిని మెచ్చుకోవాలంటే నోటిమాట చాలదు. మెడలో దండ పడాలి, భుజాల మీద శాలువా కప్పాలి, ఎవరో ఒకరు మైకు పట్టుకుని ఆయన అంతటివాడు ఇంతటివాడు అనాలి, సెంటర్లో ఫ్లెక్సీ లేవాలి. రిటైరైనవాడికీ, పదో తరగతి గట్టెక్కినవాడికీ, కొత్తగా బుల్లెట్ బండి కొన్నవాడికీ కూడా మనవాళ్లు ఫ్లెక్సీ కడతారు. మర్యాద చేయడంలో మనల్ని మించినవాళ్లు లేరని పేరు. ఆ మర్యాదతోనే ఒక మనిషి కాపురం కూల్చవచ్చని సత్యకుమారికి యాభయ్యో పడిలో పడ్డాక తెలిసింది.

సత్యకుమారి పుట్టింది సామర్లకోటలో. తండ్రి పంచదార ఫ్యాక్టరీలో ఫిట్టరు. నర్సింగ్ చదివి, ఏళ్ల తరబడి క్షయ రోగుల ఇళ్ల చుట్టూ మందుబిళ్లలు పట్టుకుని తిరిగి, చివరికి రావులపాలెం వైపు ఒక సర్కారు ఆసుపత్రిలో జూదం మాన్పించే కేంద్రానికి కోఆర్డినేటర్ అయింది. కోఆర్డినేటర్ అంటే ఏసీ గది, తిరిగే కుర్చీ అనుకునేరు. వారానికి రెండుసార్లు రాజమండ్రి నుంచి వచ్చే మానసిక వైద్యుడి కారుకి డీజిలు ఎవరిస్తారో తేల్చేది ఆవిడ. పేకాట క్లబ్బు మీద దాడి జరిగితే, పట్టుబడ్డవాళ్లని కేసు రాసి వదిలేయకుండా ఒక్కసారి తన దగ్గరికి పంపమని సీఐ గారిని బతిమాలేది ఆవిడ. ఏ ఇంట్లో మగవాడు ఫోను చూస్తూ అన్నం మానేశాడో కనిపెట్టమని ఆశా కార్యకర్తలకి నేర్పేదీ ఆవిడే. జీతం మాత్రం కాంట్రాక్టు జీతం, అది వచ్చిన నెల వచ్చినట్టు.

కేంద్రం తెరిచినప్పుడు ఆసుపత్రి గేటు పక్కనే పెద్ద బోర్డు పెట్టారు. ‘జూద వ్యసన చికిత్సా కేంద్రం’ అని ఎర్రటి అక్షరాలు. ఆ బోర్డు కింద కుక్క పడుకునేది తప్ప మనిషన్నవాడు వచ్చి నిలబడలేదు. సత్యకుమారి చూసి చూసి బోర్డు పీకించేసింది. తన బల్లని తీసుకెళ్లి బీపీ, షుగరు చూసే గదిలో ఓ మూల వేయించుకుంది. అప్పుడు మొదలయ్యారు రావడం. ఎవరైనా పలకరిస్తే బీపీ చూపించుకుందామని వచ్చామనేవారు. పాతికేళ్ల కుర్రాళ్లకి కూడా ఇంత బీపీ ఏంటమ్మా అని మందులిచ్చే ఆయన నవ్వేవాడు. సత్యకుమారి నవ్వేది కాదు. ఈ రోగానికి మొదటి మందు గుట్టు అని ఆవిడకి బాగా తెలుసు.

చిన్నబ్బాయి కూడా బీపీ అనే వచ్చాడు, భార్య వీరవేణిని వెంటబెట్టుకుని. రావులపాలెం అరటి మార్కెట్లో కమీషన్ కొట్టులో గుమాస్తా. తెల్లారకుండా గెలలు దింపించడం, వేలం అయ్యాక రైతులకి ఎవరి సొమ్ము వాళ్లకి అప్పజెప్పడం అతని పని. కొట్టు తాళాలు అతని మొలతాడుకే ఉండేవి. రైతులు మొహం చూసి నమ్మే మనిషి. క్రికెట్ పందేల్లోకి మాత్రం మొహమాటంతో దిగాడు. స్నేహితుడు ఫోనులో యాప్ వేసి, ఒక్కసారి కాయరా బావా అంటే కాదనలేకపోయాడు. ఆ తర్వాత ఎవరూ అడగక్కర్లేకపోయింది.

సత్యకుమారి ముందు నిజంగానే అతని బీపీ చూసింది. అదీ ఎక్కువగానే ఉంది. ఆ మాటా ఈ మాటా అయ్యాక వీరవేణి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని అసలు సంగతి చెప్పింది. డాక్టరు గారు నిద్రకి మందు రాశారు. మిగతాదంతా సత్యకుమారి చూసుకుంది. అతని టచ్ ఫోను వీరవేణి బీరువాలోకి వెళ్లింది, జేబులోకి బటన్ల ఫోను వచ్చింది. జీతం భార్య ఖాతాలో పడింది. క్రికెట్ సీజన్లో రోజూ సాయంత్రం సరిగ్గా టాస్ వేసే వేళకి సత్యకుమారి ఫోను చేసేది.

“ఏం చేస్తున్నారు చిన్నబ్బాయి గారూ?”

“ఆయ్, పాపకి లెక్కలు చెప్తున్నానండి. నాకంటే అదే నయం, నాకే చెప్తోందండి.”

ఇటు సత్యకుమారి ఇంట్లో ఆవిడ భర్త వీరబ్రహ్మం, “క్రికెట్ ఆడేవాళ్లకి కూడా ఇంత టాస్ బెంగ ఉండదే,” అని ఎగతాళి చేసేవాడు. నిజమే, ఆవిడకి బెంగే. మధ్యలో ఒకసారి చిన్నబ్బాయి జారి, స్నేహితుడి ఫోన్లో పందెం కాశాడు. మర్నాడు తనంతట తనే వచ్చి బల్ల ముందు నిలబడి ఏడ్చాడు. కూర్చోబెట్టి టీ తెప్పించింది. ఆ తర్వాత మళ్లీ పందెం జోలికి పోలేదు. ఒకరోజు వీరవేణి వచ్చి, “ఆయన మళ్లీ నిద్రలో గురకపెడుతున్నారండి,” అని మురిసిపోతూ చెప్పింది. సత్యకుమారి ఆ రోజంతా ఊరికే నవ్వుకుంటూ తిరిగింది.

ఇంతలో పైనుంచి కబురొచ్చింది. కేంద్రం పనితీరు చూడ్డానికి అధికారులు వస్తున్నారు, ఫలితం కనబడకపోతే వచ్చే ఏడాది నిధులుండవు. బాగుపడ్డ మనిషి ఒక్కడినైనా చూపించాలి.

చిన్నబ్బాయిని అడిగింది సత్యకుమారే. గదిలో నలుగురే ఉంటారు, నాలుగు మాటలు చెబితే చాలంది.

“ఆయ్,” అన్నాడు చిన్నబ్బాయి. కాసేపాగి, “తమరు అడిగాక కాదంటానాండి,” అన్నాడు.

ఆ ఆగడం ఆవిడ చెవిన పడకపోలేదు. మొహమాటంతో పందెంలోకి దిగిన మనిషి, మొహమాటంతోనే దీనికీ తలూపాడని తెలియనంత అమాయకురాలు కాదు. కానీ కేంద్రం మూతపడితే బీపీ వరసలో కూర్చునేవాళ్లందరి గతి ఏమిటన్నది కూడా ఆవిడ కళ్లముందే ఉంది. అందరి కోసం ఒక్కడిని అడిగాననుకుని సర్దిచెప్పుకుంది.

నలుగురి గది కాస్తా నాలుగు రోజుల్లో పెళ్లిపందిరైంది. ఆసుపత్రి పెద్దాయన, అధికారులు వస్తున్నప్పుడు ఉత్త చేతుల్తో ఏం బాగుంటుంది, చిన్నబ్బాయికి చిన్న సన్మానం చేద్దాం అన్నారు. ఊరి పెద్దలు శాలువా మేమిస్తామన్నారు. మరొకాయన ఫ్లెక్సీ నాదన్నాడు. విలేఖరులకి కబురు వెళ్లింది. వద్దనాల్సింది సత్యకుమారి. అంత ఆప్యాయంగా అంటున్నవాళ్లని ఎలా కాదంటుంది? పైగా మనసులో ఓ మూల సంతోషం కూడా వేసింది. దొంగలా తలుపు చాటున నిలబడ్డ మనిషికి పదిమందిలో దండ పడుతుంది, మంచిదే కదా అనుకుంది. ఫొటో కావాలంటే తన ఫోన్లోదే పంపింది. అన్నవరం కొండ మీద భార్యాబిడ్డలతో దిగి వీరవేణి ప్రేమగా పంపిన ఫొటో అది. ఫ్లెక్సీవాడు అందులోంచి చిన్నబ్బాయి ఒక్కడినీ కత్తిరించాడు. భుజం మీద కూతురు పూజిత వేసిన చెయ్యి మాత్రం అలాగే ఉండిపోయింది.

‘జూద భూతాన్ని జయించిన శ్రీ చిన్నబ్బాయి గారికి ఘన సన్మానం.’ ఆసుపత్రి గేటు దగ్గరొకటి, హైవే సెంటర్లో ఒకటి. సన్మానం అయిన మర్నాడు పేపరు జిల్లా పేజీలో బొమ్మ. శాలువా కప్పుతుంటే చిన్నబ్బాయి చేతులు జోడించి నవ్వుతున్నాడు. ఆ నవ్వు చూసి అధికారులు ముచ్చటపడ్డారు. కేంద్రానికి మరో ఏడాది నిధులొచ్చాయి.

మార్కెట్లో చిన్నబ్బాయిని ఎవరూ ఒక్క మాటనలేదు. అదీ మన మర్యాద. షావుకారు గారు భుజం తట్టి, “శభాష్ చిన్నబ్బాయ్, పేపర్లో చూశాను. ఇక నుంచి నువ్వు గెలలు దింపించుకో చాలు. తాళాలు మావాడు చూసుకుంటాడులే, నీకెందుకు శ్రమ,” అన్నారు. రైతులు నవ్వుతూ పలకరించి, డబ్బులు మాత్రం షావుకారు చేత్తోనే తీసుకోవడం మొదలుపెట్టారు. వీరవేణి అన్నయ్య రైసుమిల్లు లారీ మీద మండపేట నుంచి వస్తూ హైవేలో ఫ్లెక్సీ చూసి లారీ ఆపేశాడంట. చెల్లెలి నగలు అరటి వ్యాపారంలో పోయాయని అప్పటిదాకా నమ్మిన మనిషి అతను. ఆ వారంలోనే వీరవేణి పాపని తీసుకుని పుట్టింటికి వెళ్లిపోయింది.

బీపీ వరస కూడా పల్చబడింది. మాకూ ఫ్లెక్సీ కడతారేమోనని జనం జడిసిపోయారు.

చిన్నబ్బాయి ఆసుపత్రికి రావడం మానేశాడు. ఫోను ఎత్తలేదు. మళ్లీ ఆడుతున్నాడనే అనుకున్నారంతా. సత్యకుమారీ అలాగే అనుకుని, గుండె చిక్కబట్టుకుని మార్కెట్‌కి వెళ్లింది. చక్కెరకేళి గెలల మధ్య ఖాళీ గోనె మీద కూర్చుని ఉన్నాడు. ఆవిడని చూసి లేచి, తన గోనె దులిపి వేశాడు.

“కూర్చోండి మేడమ్ గారండీ.”

“ఆడుతున్నారా?”

“లేదండి. ఒట్టండి.” నవ్వబోయాడు, రాలేదు. “పందెం కాయడానికి కూడా ఏదో ఒక ఆశ ఉండాలి కదండీ.”

సత్యకుమారి కళ్లలో నీళ్లు తిరిగాయి. తప్పు నాదే అంది. అయ్యో, అంత మాట వద్దండీ అన్నాడు. నేనేం చేయగలనో చెప్పండంది. అతను పక్కనున్న గెల సర్ది పెట్టి, “నేను ఆడట్లేదని వీరవేణితో ఒక్క మాట చెప్పండి. నా మాట వాళ్ల వాళ్లు వినరు. మీరు చెబితే నమ్ముద్దండి,” అన్నాడు. ఇంకేం అడగలేదు. తాళాలు అడగలేదు, పరువు అడగలేదు.

మండపేటలో వీరవేణి పుట్టిల్లు రైసుమిల్లుల వెనక సందులో. మిట్టమధ్యాహ్నం వెళ్లింది సత్యకుమారి. వీరవేణి కాళ్లకి నీళ్లిచ్చింది, మజ్జిగ ఇచ్చింది, ఎదురుగా గుమ్మంలో కూర్చుంది.

“ఆయన ఆడట్లేదమ్మా. నా మాట నమ్ము.”

“తెలుసండి,” అంది వీరవేణి.

సత్యకుమారి మజ్జిగ గ్లాసు కింద పెట్టేసింది.

“ఆడిన రోజు ఆయన గుమ్మంలో చెప్పులు విడిచే తీరులోనే తెలిసిపోద్దండి నాకు. ఆడుతున్నప్పుడు కూడా నేను వదల్లేదండి. గాజులు అమ్మాను. మా అన్నయ్యతో అబద్ధం చెప్పాను. మా ఇద్దరికీ, మీకూ తప్ప నాలుగో మనిషికి తెలీదు కదా అన్న ధైర్యంతో ఉన్నానండి.” వీరవేణి గొంతు పెంచలేదు. “అక్కడ బళ్లో పూజితని పేరు పెట్టి పిలవడం మానేశారండి. ‘పందెం’ అని పిలిచేవారంట. ఎవరిదో పెన్సిల్ పెట్టె పోతే ముందు దీని సంచీ బోర్లించారంట. అందులో లేదండి. ఎక్కడో బల్లకింద దొరికిందంట. అయినా అందరూ చూశారు కదండీ. ఆ పిల్ల ఇంక ఆ ఊరు రానంటోంది. నాన్నంటే దానికి కోపం లేదు. ఆ ఫ్లెక్సీలో నాన్న భుజం మీదున్నది నా చెయ్యే అని అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ చెప్పి ఏడుస్తోందండి.”

“నేను ఆ బడికి వెళ్తాను వీరవేణీ. టీచర్లతో మాట్లాడతాను. పిల్లలకి అర్థమయ్యేలా...”

వీరవేణి రెండు చేతులూ జోడించింది.

“మీరు మా మంచి కోరే చేశారు మేడమ్ గారూ. మాకు తెలుసు. ఇంక మాకేం మంచి చెయ్యకండి.”

సత్యకుమారి లేచింది. గుమ్మం దాకా వచ్చి బొట్టు పెట్టి సాగనంపింది వీరవేణి. సందు మలుపు తిరిగేదాకా ఏడుపు ఆపుకుని, మిల్లు గోడ పక్కన నిలబడి చిన్నపిల్లలా ఏడ్చింది సత్యకుమారి. ఊక మోసుకెళ్తున్న ఇద్దరు ఆడవాళ్లు ఆగి చూసి, అడగలేక వెళ్లిపోయారు.

బస్టాండుకి చేరేసరికి ఫోను మోగింది. చిన్నబ్బాయే. ఇన్నాళ్లూ ఎత్తనివాడు, తానే చేశాడు.

“చెప్పారా అండీ?”

“చెప్పాను. తనకి ముందే తెలుసంట మీరు ఆడట్లేదని.”

“మరి వస్తానందాండీ?”

అబద్ధం చెబుదామని నోటిదాకా వచ్చింది. నాలుగు రోజులాగి చూద్దామంది అంటే ఆ నాలుగు రోజులైనా బతుకుతాడు. కానీ ఆ మనిషి ముందు ఇంకొక్క తప్పు చేసే శక్తి ఆవిడకి లేదు.

“లేదు చిన్నబ్బాయి గారూ. పూజిత రానంటోందంట.”

అటువైపు మార్కెట్లో లారీల హారన్లు, హమాలీల కేకలు.

“పాప బాగుందాండీ?” అన్నాడు.

“నాకు కనబడలేదండి. ఇక్కడ బళ్లో వేశారంట, అక్కడికి వెళ్లింది.”

“ఆయ్.” “పాపం, నా కోసం ఎండలో అంత దూరం వెళ్లారు. భోజనం చేశారాండీ?”

ఒక్క తిట్టు తిట్టినా ఆవిడ ప్రాణం కుదుటపడేది. చేశానండి అంది సత్యకుమారి. మంచిదండీ అని అతను ఫోను పెట్టేశాడు. రావులపాలెం బస్సు వచ్చి ఆగింది, జనం ఎక్కారు, వెళ్లిపోయింది. ఆవిడ ఎక్కలేదు.