మొదటి డొప్ప

మా తాత కొర్రా బుద్రుకి మూత్రపిండాలు చెడిపోయి రెండేళ్లయింది. మంగళవారం, శుక్రవారం మా నానమ్మ గంగ, నేను ఆయన్ని ఆటోలో కొండ దింపి డయాలసిస్‌కి తీసుకెళ్తాం. నాలుగు గంటలపాటు యంత్రం ఆయన రక్తం కడుగుతుంది. ఆ నాలుగు గంటలూ తాత యంత్రానికి సలహాలిస్తాడు.

సూదులు గుచ్చడానికి ఆయన ఎడమ చేతిలో ఆపరేషన్ చేసి నరాలు కలిపారు. అక్కడ చెవి ఆనిస్తే జుమ్మంటుంది. లోపల తేనెపట్టు ఉందని తాత ఊరందరికీ చెప్పాడు. పిల్లలు నమ్మారు. ఇద్దరు పెద్దవాళ్లు కూడా నమ్మారు.

ఆ చేత్తో చెట్టెక్కకూడదు. అందుకని తాత జీలుగు చెట్టు కల్లు ఇప్పుడు ఆయన తమ్ముడి కొడుకు సురేంద్ర దించుతున్నాడు. కానీ మా ఊళ్లో కల్లు పోస్తే చెట్టు యజమాని ముందు ఒక ఆకు డొప్పెడు తాగాలి. అందులో ఏమీ కలపలేదని అదే రుజువు. ఆయన తాగకపోతే ఎవరూ ముట్టరు. తాగలేనివాడు చెట్టు వదులుకోవాలి.

ఒక్క డొప్పతో ఆగిన అలవాటు తాతకి లేదు. మొన్న మంగళవారం త్రాసెక్కితే, పోయినసారి రక్తం కడిగాక ఉన్నదానికన్నా నాలుగు కిలోలు ఎక్కువ చూపించింది. చొక్కా విప్పి మళ్లీ ఎక్కాడు. తువ్వాలు కూడా తీసేసి ఎక్కాడు. నాలుగే.

"ఎన్ని నీళ్లు తాగేవు తాతా?" అంది నర్సు ప్రసన్న.

"రోజుకి మూడు టీ గ్లాసులే. నువ్వు సెప్పినట్టే."

"మరి కల్లు?"

"నీళ్లొద్దన్నావు గానీ కల్లొద్దని సెప్పనేదు గదమ్మా. కల్లూ, అంబలీ తిండి కాదేటి?"

"గొంతులోకి జారేదంతా నీళ్లే తాతా. ఇంకోసారి ఇలా వచ్చేవంటే ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది. ఊపిరాడక పోతావు."

ఆ రాత్రి తాత అంబలి సగం గిన్నెలోనే వదిలేశాడు. అది మాకు కొత్త.

గురువారం పొద్దున్న అందరూ చెట్టు కింద కూర్చున్నారు. సురేంద్ర సొరకాయ బుర్ర దించి, డొప్ప నింపి తాతకిచ్చాడు.

"తాగు పెదనాన్నా. నేకపోతే సెట్టు నాకిచ్చీ."

తాత డొప్పని చూశాడు. మా నానమ్మ నలభై ఏళ్లుగా కల్లు వాసనకే ముక్కు మూసుకునే మనిషి. ఆవిడ లేచి, డొప్ప లాక్కుని, కళ్లు మూసుకుని గటగటా తాగేసింది.

"సెట్టు మా ఇంటిది. నాను ఆ ఇంటిదాన్ని. ఇంకేటి సూత్తన్నారు, తాగండి."

భార్య తాగితే చెల్లుతుందా అని పెద్దలు కాసేపు ఆలోచించారు. ఆలోచిస్తూనే ఆవిడ పడిపోతుందేమోనని చూశారు. పడిపోలేదు. చెల్లుతుందన్నారు. సురేంద్రకి మూడో డొప్ప అందింది. రెండోది కూడా నానమ్మే తీసుకుంది, రుజువు గట్టిగా ఉండాలని.

శుక్రవారం త్రాసు రెండు కిలోలే ఎక్కువ చూపించింది. ప్రసన్న మెచ్చుకుంది. సూదులు గుచ్చాక తాత నానమ్మని దగ్గరికి రమ్మన్నాడు.

"నిజం సెప్పు. మన సెట్టు కల్లు ఎలాగుంది?"

"పుల్లటి నీళ్లు," అంది నానమ్మ.

తాత అటు తిరిగి పడుకున్నాడు. ఆ రోజు యంత్రం ఏ సలహా లేకుండానే పని చేసుకుంది.