టబ్బు తలాపున వినిపించిన గొంతు

అది 2004 వేసవి. జూబ్లీహిల్స్‌లో పాత ఇళ్లు చేతులు మారుతున్న కాలం. సినిమావాళ్లు కట్టుకున్న ఇళ్లను కంప్యూటర్లవాళ్లు కొని, తమ అభిరుచికి తగ్గట్టు మార్పించుకుంటున్నారు. శ్రీనగర్ కాలనీలోని ఒక చిన్న ఇంటీరియర్ సంస్థలో నేను కొత్తగా చేరాను. సివిల్ ఇంజనీరింగ్ చదివినన్నాళ్లూ కాలేజీ తరఫున డిబేట్లలో పాల్గొన్నదాన్ని కావడంతో, ఎవరేం చెప్పినా ఆధారం అడగనిదే ఊరుకునేదాన్ని కాదు.

ఆ ఇల్లు ఫిల్మ్ నగర్‌లో, రాతిగుట్ట వాలులో ఉంది. ఒకప్పుడు ఎవరో నిర్మాత కట్టించుకున్నది. రాజేందర్ గారు దాన్ని కొని అప్పటికి ఏడాది కావస్తోంది. ఆయన పుట్టి పెరిగింది హైదరాబాదులోనే. కంప్యూటర్ విడిభాగాల వ్యాపారం. భార్య సుధది కోస్తా ప్రాంతం. హైటెక్ సిటీలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, సాయంత్రం మొదలయ్యే షిఫ్టు. రాజేందర్ గారి తల్లి లక్ష్మమ్మ గారు కూడా వాళ్లతోనే ఉండేవారు. మేడ మీది బాత్రూంలో గులాబీ రంగు పింగాణీ పూత పూసిన పెద్ద ఇనుప టబ్ ఉంది. దాన్ని ఉంచాలా, తీసేయాలా అన్నది తేల్చడం నాకప్పగించిన పని.

"తీసేయుండ్రి మేడం," అన్నారు రాజేందర్ గారు. "ఈడ ట్యాంకర్ వస్తెనే నీళ్లు. అమ్మకు మోకాళ్ల నొప్పులు, గంత ఎత్తు ఎక్కి దిగుతదా? గాడ షవర్ వెట్టి, పట్టుకునేటందుకు ఓ రాడ్ బిగించుండ్రి."

కాదనడానికి ఏమీ లేదు. నీటి ఎద్దడి నిజం, మోకాళ్లు నిజం. నేను తల ఊపుతుండగానే సుధ అడ్డుపడింది.

"ఇప్పుడే వద్దండీ. ఇంకొక్కరికి వినిపించేదాకా ఉండనివ్వండి."

"ఏం వినిపించేదాకా?"

రాజేందర్ గారు నవ్వారు. "టబ్బుల ఎవరో ఆడామె మాట్లాడుతదంట మేడం. ఈమెతోటే మాట్లాడుతది, మాతోటి మాట్లాడదు. మేం నచ్చలే గావచ్చు."

గుమ్మంలో కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్న లక్ష్మమ్మ గారు తలెత్తకుండానే అందుకున్నారు. "ఎర్రగడ్డకు తీస్కపోరా అంటె వింటలేడు బిడ్డా వీడు. తియ్యాల్సింది టబ్బు గాదు, దీని నెత్తిలున్న పురుగు."

ఎర్రగడ్డలో పెద్ద బజారుంది, కూడలి ఉంది. కానీ నగరంలో ఎవరు ఎవర్ని ఎర్రగడ్డకు తీసుకుపోతామన్నా, అర్థం అక్కడి మానసిక వైద్యశాల అనే. అది మామూలు ఎగతాళి. సుధ ముఖంలో మాత్రం అది ఎగతాళిగా కనిపించలేదు.

కొలతలు తీసే నెపంతో ఆమెను మేడ మీదికి తీసుకెళ్లాను. అప్పుడు చెప్పింది: వచ్చే సోమవారం డాక్టరు దగ్గర సమయం తీసుకున్నారు; ఉద్యోగం మానేయమని అప్పుడే పుట్టింటి నుంచి కూడా ఫోన్లు వస్తున్నాయి.

"ఈ టబ్ పోతే ఆ గొంతు కూడా పోతుందండీ. అప్పుడు నాకు పిచ్చి తగ్గిందంటారు. పిచ్చి లేదని మాత్రం ఎవరూ అనరు."

వాదానికి ముందు అంశాన్ని నిర్వచించుకోవాలని డిబేట్లలో మొదటగా నేర్పుతారు. ఆ ఇంట్లో అందరూ టబ్ గురించి వాదిస్తున్నారు. అసలు అంశం టబ్ కాదు. సుధ మాటకు ఆ ఇంట్లో విలువ ఉందా లేదా అన్నది.

"మీవారు వచ్చి వినలేదా?"

"తలుపు దగ్గర నిలబడి విన్నారు. పడుకుని వినమంటే నవ్వారు."

ఆమె తల ఎటు పెట్టుకుంటుందో అడిగి, పట్టపగలు, చుడీదార్‌తోనే, నేను ఆ ఖాళీ టబ్‌లో పడుకున్నాను. ఇనుము వేసవిలోనూ వీపుకు చల్లగా తగిలింది. కాసేపు నా ఊపిరి తప్ప మరేమీ లేదు. తర్వాత సన్నగా మురుగు వాసన. ఆ వాసన వెనకే, కుడి చెవికి ఆనుకుని, ఒక స్త్రీ అంది:

"నేనిక్కడే ఉన్నాను. ఎవరికీ వినపడటం లేదా?"

నిశ్శబ్దం. మళ్లీ అవే మాటలు, ఈసారి బతిమాలుతూ. మళ్లీ అవే, కోపంగా. ఆ తర్వాత అవే, గొంతు ఆరిపోయినట్టు గుసగుసగా. మనుషులు ఒకే మాటను అన్ని రకాలుగా, అక్షరం తేడా రాకుండా అనరు. నేను లేచి కూర్చున్నాను, గొంతు లేదు. పడుకున్నాను, చెవి పక్కనే ఉంది. గోడకు ఆనుకుని నిలబడ్డ సుధ నా ముఖాన్నే చూస్తోంది. "వినపడిందండీ," అన్నాను. ఆమె అక్కడే నేల మీద కూర్చుండిపోయి ఏడ్చింది.

టబ్ తలవైపు అంచుకు కాస్త కిందుగా చిన్న రంధ్రం ఉంటుంది. దాన్ని ఓవర్‌ఫ్లో అంటాం. నీళ్లు పొర్లకుండా అందులోంచి పోతాయి. అక్కణ్నుంచి వెళ్లే గొట్టాన్ని ట్రాప్‌కు, అంటే ఎప్పుడూ కొంత నీరు నిలిచి వాసననూ శబ్దాన్నీ అడ్డుకునే వంపుకు కలపాలి. ఇక్కడ ఆ వంపును తప్పించి నేరుగా డ్రెయిన్‌లోకి కలిపేశారు. ఆ డ్రెయిన్ ఎక్కడికి పోతోందో తెలుసుకోవడానికి బట్టల నీలిమందు కలిపిన నీళ్లు ఓవర్‌ఫ్లోలో పోయించాను. గుట్ట వాలులో ఈ ఇంటికి కిందనున్న ఇంటి మురుగు చాంబర్‌లో నీలం తేలింది.

ఆ ఇంటి సెల్లార్‌లో ఒక డబ్బింగ్ థియేటర్ ఉంది. ఉగాదికి తెరిచారట. "సౌండ్ బయటికి పోయే చాన్సే లేదు మేడం," అని సౌండ్ ఇంజనీరు మెత్తలు కుట్టిన గోడలు తట్టి చూపించాడు. నేను కార్పెట్ ఎత్తి చూడమన్నాను. పూర్వం రెండిళ్లూ ఆ నిర్మాతవే. సెల్లార్‌లో పనివాళ్ల స్నానాల గది ఉండేది. దాని నీళ్లు అదే డ్రెయిన్‌లోకి పోయే తూము కార్పెట్ కింద అలాగే ఉంది, సరిగ్గా మైకు కింద. గోడలన్నీ మూసినవాళ్లు నేలను మరిచిపోయారు.

డబ్బింగ్ ఆర్టిస్టు ఒక నడివయసు ఆవిడ, ఉప్మా తింటూ విషయమంతా విని పకపకా నవ్వింది. "నన్ను మీ ఇంట్లో దెయ్యాన్ని చేశారా? అయితే నా పేమెంటేది?" అంది. ఆ ఉప్మా పొట్లం చేతిలో అలా ఉండగానే, నేను అడగకుండానే, "నేనిక్కడే ఉన్నాను" అని టేకుల్లో చెప్పిన ఆ డైలాగును ఒక్కసారి అనేసింది. ఆ సంతోషంగా ఉన్న ముఖంలోంచి ఆ గొంతు రావడం టబ్‌లో విన్నదానికంటే ఎక్కువ వణికించింది.

ఇంటికి తిరిగివచ్చి అందరి ముందూ వివరించాను. రాజేందర్ గారు ఊపిరి పీల్చుకున్నారు. "నేను చెప్పలే? ఏం లేదని."

"ఏమీ లేదని కాదండీ మీరన్నది," అంది సుధ. "నాకేదో ఉందని."

ఆయన తల దించుకున్నారు. తర్వాత ఫోన్ తీసి, సోమవారం రావడం లేదని డాక్టరుకు చెప్పారు. నా పని పూర్తయిందనుకున్నాను. అప్పుడు లక్ష్మమ్మ గారు నా చెయ్యి పట్టుకున్నారు.

"బిడ్డా, ఆ కిందోళ్లు ఎప్పటి సంది ఉన్నరంటివి?"

"ఈ ఉగాది నుంచి అండీ."

"మరి నాకు పోయిన దసరాకే వినవడ్డది గదా."

కొత్తలో ఆ టబ్‌ను నీళ్లు నింపి పెట్టుకోవడానికి వాడేవారట. పండగ ముందు చెంబు ముంచడానికి తలవైపు వంగినప్పుడు, లోపలి నుంచి ఒక ఆడమనిషి 'లక్ష్మీ' అని పిలిచిందట. ఒక్కసారే. ఆ పేరుతో ఆమెను పిలిచేవాళ్లెవరూ ఇప్పుడు లేరు.

"మరి చెప్పలేదేందమ్మా?" అన్నారు రాజేందర్ గారు.

"చెప్తే? ఎర్రగడ్డ అంటరని భయమైంది. కోడలు చెప్పినప్పుడు నేనే ముందుగాల అన్న, నన్ను అడగకుంట ఉండాలని."

దీనికి ఏ నీలిమందూ లేదు. దసరానాటికి ఆ సెల్లార్ తాళం వేసి ఉంది; తర్వాత మళ్లీ వెళ్లి అడిగి నిర్ధారించుకున్నాను కూడా. ఖాళీ గొట్టంలో గాలి చేసిన చప్పుడని నేను అనగలిగేదాన్నే. నోటిదాకా వచ్చింది. సుధ నాకంటే ముందు కదిలింది. అత్తగారి పక్కన కూర్చుని, "నేను నమ్ముతున్నానత్తయ్యా," అంది. నా వైపు తిరిగి, "టబ్ తీసేయండి. ఆవిడ మోకాళ్లకి కష్టం," అంది.

మర్నాడు టబ్ తీయించాను. వెనక తడి మరక తప్ప ఏమీ లేదు. గొట్టం నోరు మూసి బిగించే ముందు లక్ష్మమ్మ గారు కోడలి భుజం ఆసరాగా వంగి, ఆ నోటి దగ్గర కాసేపు చెవి పెట్టారు. విన్నదేమిటో చెప్పలేదు, సుధ అడగలేదు.

ఇప్పుడు ఏ ఇంట్లో టబ్ ఉంచాలా వద్దా అని అడిగినా, ముందు అందులో నేను పడుకుని చూస్తాను. తర్వాత ఇంట్లోవాళ్లను ఒక్కొక్కరినీ విడిగా అడుగుతాను. అందరికంటే గట్టిగా ఎగతాళి చేసినవారిని మాత్రం రెండోసారి కూడా అడుగుతాను.