మెట్టుకో చీనా మాట

ఆ రోజుల్లో మాకు చదువంటే బట్టీ పట్టడమే. ఎక్కాలైనా పద్యాలైనా గొంతెత్తి వల్లె వేసి అప్పజెబితేనే వచ్చినట్టు. అర్థం అడిగినవాడు పొగరుబోతు. (నేను పొగరుబోతును కానని మా అయ్యవార్లందరూ ఒప్పుకున్నారు.) అందుకే ఇరవయ్యేళ్ల వయసులో చీనా భాష నేర్చుకోవలసి వచ్చినప్పుడు కూడా నాకు వేరే దారి తోచలేదు.

చీనా భాష ఎందుకంటారా? మా పెదనాయన వయసులో ఉండగా మలయా దేశంలోని పినాంగు వెళ్లి, ఒక చీనావాళ్ల ఇనుప సామాన్ల అంగట్లో చాలా ఏళ్లు పనిచేసి, పళ్ళిపట్టు దగ్గరున్న మా ఊరికి తిరిగొచ్చాడు. వాళ్ల మాటలన్నీ తనకు వచ్చునని చెప్పేవాడు. ఎవరూ నమ్మలేదు. "ఆడ మూటలు మోసినాడు, ఈడ కోతలు కోస్తాండాడు" అని వెనకాల నవ్వేవాళ్లు. నిజం చెప్పొద్దూ, ఆ నవ్వుల్లో నాదీ ఒకటి. ఇంతలో ఆ పాత యజమాని కొడుకు మద్రాసు వస్తున్నాడనీ, పినాంగు అంగడికి గుమాస్తాను వెతుకుతున్నాడనీ జాబు వచ్చింది. పెదనాయన నన్ను పిలిచి, "అబ్బోడా, వాళ్ల బాసలో నాలుగు మాటలు మాట్లాడితే సాలు, పని నీదే. నేను చెప్పేది అబద్ధం కాదని ఊరోళ్లకీ తెలస్తాది" అన్నాడు. ఆ రెండో మాట వీధిలోకి చూస్తూ అన్నాడు.

పాఠాలు తిరుత్తణి కొండ మెట్ల మీద. మెట్టుకో పాట పాడుతూ ఎక్కే భక్తులను చూసి ఆయనకు తట్టిన ఉపాయమది. మొదటి మెట్టు మీద నమస్కారం, రెండో మెట్టు మీద 'భోంచేశారా', అలా పైకి వెళ్లేకొద్దీ మేకులు, తాళాలు, గొలుసులు. నెల తిరిగేసరికి నలభై మెట్లు నోటికొచ్చాయి. నా గొణుగుడు విన్న ఒక ముసలమ్మ "ఏ మంత్రం సామీ?" అని దండం కూడా పెట్టింది. నేను కాదనలేదు.

మద్రాసులో హోటల్ గది. యజమాని కొడుకు నడివయసు మనిషి, తమిళం అరకొరగా వచ్చు. నవ్వుతూ చీనాలో ఏదో అడిగాడు. కాళ్ల కింద చదునైన నేల. నా నోట ఒక్క ముక్క పెగల్లేదు. చివరికి సిగ్గు విడిచి, "సార్, ఇక్కడ మెట్లున్నాయా?" అని తమిళంలో అడిగాను. పాపం, ఆయన బిత్తరపోయినా చూపించాడు. ఇక ఒక్కో మెట్టూ ఎక్కుతూ గడగడా అప్పజెప్పాను. మధ్యలో ఆయనేదో అడిగాడు. ఆ మెట్టు మీదున్నదే చెప్పాను. (నా పేరు అడిగాడట. రెండంగుళాల మేకులు అయిపోయాయన్నానట.) అంతా విని, "నీకు పని ఇవ్వలేను తంబీ, అడిగింది నీకు అర్థం కాదు" అన్నాడు. "కానీ నువ్వు చెప్పిన ప్రతి మాటా నాకు అర్థమైంది. మా నాన్న అచ్చం ఇలాగే మాట్లాడేవాడు. ఎవరు నేర్పారు?" అన్నాడు. చెప్పాను.

తిరుత్తణి బస్టాండులో పెదనాయన పొద్దుటినుంచీ కాచుకుని ఉన్నాడు. "ఏమాయెరా?"

"పని రాలా పెదనాయనా."

ఆయన తల వంచుకుని పళ్ళిపట్టు బస్సెక్కాడు. పక్కన కూర్చుని మిగతాది చెప్పాను. "ఆయనకి అంతా అర్థమైందంట. వాళ్ల నాయిన మాదిరే ఉందంట."

"అంతానా?"

"ఒక్కటీ తప్పు లేదంట."

పైగుడ్డతో కళ్లు తుడుచుకుని, "ఇంకోసారి చెప్పరా" అన్నాడు. ముందు సీట్లలో మా ఊరివాళ్లు నలుగురున్నారు. నేను లేచి నిలబడి, బస్సంతా వినబడేలా మళ్లీ చెప్పాను. ఆ ఇరవయ్యేళ్ల కుర్రాడు, అంటే అప్పటి నేను, అప్పజెప్పకుండా గొంతెత్తి మాట్లాడింది ఆ రోజుకు ఆ ఒక్కటే. వాణ్ణి తలుచుకుంటే నాకు ఇప్పటికీ కాస్త ముచ్చటేస్తుంది.